తాళం తీసి పెడితే సర్దుకునే గేర్‌బాక్స్‌ను అప్పుడే విప్పించకండి

ప్రశ్న: నమస్తే సార్. మాది ఉప్పల్. నర్సరీ మొక్కలు, కుండీలు వేసుకు తిరగడానికి 2019 మోడల్ ఇసుజు వీ-క్రాస్ ఆటోమేటిక్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున బాగానే ఉంటుంది. ఎండెక్కాక ట్రాఫిక్‌లో అరగంటో ముప్పావుగంటో నడిచాక ఒక్కోసారి గేరు మారదు. ఇంజిన్ అరుస్తుంది, బండి లాగదు. పక్కకు ఆపి తాళం తీసి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు నడుస్తుంది. ఒక వారం రోజూ వస్తుంది, ఇంకో వారం అసలు రాదు. పొద్దున మొదటిసారి రివర్స్ వేస్తే రెండు మూడు సెకన్లకు గాని పట్టుకోదు. పోయిన వానాకాలం ఒకసారి మోకాలి లోతు నీళ్లలోంచి తెచ్చాను. ఒక గ్యారేజీలో గేర్‌బాక్స్ దించి ఓవర్‌హాల్ చేయాలి, లక్షన్నర అవుతుందన్నారు. ఇంకో మెకానిక్ ఆయిల్ మారిస్తే చాలన్నాడు. ఎవరి మాట వినాలి?

సమాధానం: ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. వాళ్లు చెప్పింది తప్పని కాదు. మీ బండిలో తప్పు జరుగుతున్న క్షణాన్ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. వచ్చి పోయే జబ్బును అది లేనప్పుడు పరీక్షిస్తే ఏ గ్యారేజీకైనా అన్నీ బాగానే కనిపిస్తాయి. ఆ తర్వాత మిగిలేది ఊహే. లక్షన్నర ఖర్చు ఊహ మీద పెట్టేది కాదు.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన ముక్క తాళం తీసి పెడితే బాగవుతుందన్నది. గేర్‌బాక్స్‌ను నడిపే కంప్యూటర్‌కు ఏదైనా సిగ్నల్ నమ్మదగ్గదిగా అనిపించకపోతే, లోపలి క్లచ్ ప్లేట్లు కాలిపోకుండా బండిని ఒకే గేరులో బిగించేస్తుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు. తాళం తీసినప్పుడు ఆ నిర్ణయం చెరిగిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అరిగిన క్లచ్ ప్లేట్లు తాళం తీస్తే తిరిగి మందమెక్కవు. కాబట్టి తప్పు వైరింగ్‌దో సెన్సర్‌దో అయ్యే అవకాశమే ఎక్కువ. అయినా ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్లేట్లు జారినప్పుడు కూడా లోపలికి వచ్చే వేగానికి, బయటికి పోయే వేగానికి లెక్క కుదరక కంప్యూటర్ ఇదే లింప్ మోడ్‌లోకి పోవచ్చు. అందువల్ల తాళం కథ ఒక్కదాన్నే పట్టుకుని గేర్‌బాక్స్ నిక్షేపంగా ఉందని తేల్చేయకూడదు.

ఈ రెంటినీ విడదీసేది మీ మీటర్ బోర్డే. “ఇంజిన్ అరుస్తుంది, బండి లాగదు” అని రాశారు. అలా అయినప్పుడు ఇంజిన్ ఆర్‌పీఎం ఎంత, బండి వేగం ఎంత? బండిలో ఇంకొకరిని కూర్చోబెట్టి, ఫోన్‌తో ఆ రెండు ముళ్లూ కనిపించేలా వీడియో తీయించండి. బండి ఒకే గేరులో ఇరుక్కుంటే ఆ రెండూ కలిసే పెరుగుతాయి. ఉదాహరణకు 2000 ఆర్‌పీఎం దగ్గర 40 వేగం ఉంటే, 3000 దగ్గర 60కి అటూ ఇటూగా ఉండాలి. ఇంజిన్ తిప్పుడును ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ కొంత జారుతుంది కాబట్టి వందో రెండొందలో తేడా వస్తే పట్టించుకోనక్కర్లేదు. అలా కాకుండా ముల్లు 2000 నుంచి 3000కి ఎగిరి, వేగం మాత్రం 40 నుంచి 42కి పాకితే లోపల ఏదో జారుతోందని అర్థం. ఇరుక్కోవడం వేరు, జారడం వేరు. మొదటిదైతే ముందు వైర్లు వెతకాలి. రెండోదైతే ముందు ఆయిలు, ప్రెషరు చూడాలి. సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు బండి బరువుగా, నిద్ర లేచినట్టుగా కదులుతోందా అన్నదీ గమనించండి. పై గేరులో ఇరుక్కున్న బండి అలాగే కదులుతుంది, దాన్ని చాలామంది ప్లేట్లు పోయాయని పొరబడతారు.

తప్పు వచ్చినప్పుడు వెంటనే తాళం తీయకండి. సురక్షితంగా పక్కకు ఆపి, ఇంజిన్ నడుస్తుండగానే, బండి కంప్యూటర్‌లో నమోదైన తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టించండి. స్కానర్ అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్‌తో మాట్లాడగలిగేదే ఉండాలి. ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిపే చవక పరికరాలు చాలావాటికి ఇంజిన్ కోడ్‌లే అందుతాయి. వాటిలో పీ0700 అని వస్తే దానర్థం “గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో రాసి ఉంది, వెళ్లి చూడు” అని మాత్రమే. ఆ ఒక్క కోడ్ చూపించి గేర్‌బాక్స్ పోయిందని ఎవరైనా అంటే నమ్మొద్దు. లోపలి కోడ్ పీ0705 అయితే లివర్ ఎక్కడుందో చెప్పే రేంజ్ స్విచ్ మీద అనుమానం. పీ0715 లోపలికి వచ్చే వేగం సెన్సర్‌ది, పీ0720 బయటికి పోయే వేగం సెన్సర్‌ది. పీ0750 నుంచి మొదలయ్యే వరస షిఫ్ట్ సాలినాయిడ్లది, అంటే గేరు మార్చడానికి ఆయిల్ దారులను కరెంటుతో తెరిచి మూసే వాల్వులది. పీ0562 వస్తే మొత్తం బండికే వోల్టేజీ తగ్గిందని అర్థం. పీ0730 నుంచి పీ0736 దాకా వచ్చేవి గేరు నిష్పత్తి తప్పిందని చెప్పే కోడ్‌లు. ఇవి వస్తేనే ప్లేట్లు, ఆయిల్ ప్రెషరు గురించి గట్టిగా ఆలోచించాలి. కోడ్‌తో పాటు ఆ క్షణాన వేగం, ఆయిల్ వేడి, వోల్టేజీ ఎంతున్నాయో కూడా నమోదై ఉంటే వాటినీ ఫోటో తీసుకోండి. అంతదాకా ఎవరినీ కోడ్‌లు చెరపనివ్వకండి, బ్యాటరీ తీయనివ్వకండి. చాలా గ్యారేజీల్లో మొదట జరిగేది అదే, దాంతో ఉన్న ఒక్క సాక్ష్యమూ పోతుంది.

స్కానర్ ఉన్న మనిషి దొరికితే గంటసేపు వెంట తీసుకెళ్లండి. ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి హబ్సిగూడ, తార్నాక వైపు ట్రాఫిక్‌లో ఆయిల్ వేడెక్కేదాకా నడపండి. ఆ తర్వాత ఘట్‌కేసర్ దగ్గర ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి 70 దగ్గర నిలకడగా వెళ్లండి. స్కానర్ అప్పటికప్పుడు చూపే లైవ్ డేటాలో రేంజ్ స్విచ్ స్థానం, లోపలి వేగం, బయటి వేగం, ఆయిల్ వేడి, కంప్యూటర్ అడిగిన గేరు, వోల్టేజీ, ఈ ఆరూ రికార్డు చేయించండి. తిరిగే షాఫ్టు ఒక్క క్షణంలో 1800 నుంచి సున్నాకు పడిపోయి మళ్లీ 1800కి లేవలేదు. రికార్డులో అలా కనిపిస్తే ఆ సెన్సరో దాని వైరో తెగి అతుకుతోందని ఖాయం. అలాగే లివర్ డీలోనే ఉండగా రేంజ్ మాత్రం ఒక్క లిప్త న్యూట్రల్ అని చూపి తిరిగి డీకి వచ్చిందంటే స్విచ్ దొరికిపోయినట్టే. ఒక జాగ్రత్త: ఓఆర్‌ఆర్ మీద తప్పు వస్తే మెయిన్ క్యారేజ్‌వేలో ఆపకండి, తర్వాతి ఎగ్జిట్‌లో దిగి సర్వీసు రోడ్డు మీద చూసుకోండి.

స్కానర్ దొరికేలోపు మీరే ఇంట్లో చేసుకోగలిగిన పని ఒకటుంది, అదే ఎక్కువసార్లు అసలు తప్పును బయటికి లాగుతుంది. ఒక మామూలు మల్టీమీటర్ చాలు. బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ మీద 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. స్టార్టర్ తిప్పుతున్నప్పుడు 9.6 కిందికి పడితే బ్యాటరీ పనైపోయింది. ఇప్పుడు ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారి, చూడండి. ఇంజిన్ ఆన్, హెడ్‌లైట్లు ఆన్, ఏసీ ఫుల్. మీటర్ నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్ స్తంభం మీదే పెట్టండి, క్లాంపు మీద కాదు. ఎర్ర ప్రోబు గేర్‌బాక్స్ ఒంటి మీద మట్టి గీకి శుభ్రం చేసిన బోల్టుకు ఆనించండి. 0.1 వోల్టు లోపు వస్తే సరే. 0.2 దాటితే ఎర్త్ వైరు చివర తుప్పు పట్టిందో బోల్టు వదులైందో. కోడ్‌లు చదవడం పూర్తయ్యాక వైరు విప్పి, రెండు చివర్లూ మెరిసేదాకా శుభ్రం చేసి బిగించండి. నీళ్లలో దిగిన బండిలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఎర్త్ సరిగ్గా లేకపోతే సాలినాయిడ్లకు అందాల్సిన కరెంటు వేడెక్కిన కొద్దీ ఇంకా తగ్గిపోతుంది.

బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో డయోడ్ ఒకటి పోయినా గేర్‌బాక్స్ కంప్యూటర్ తికమకపడుతుంది. మీటర్‌ను ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) వోల్టులకు మార్చి, ఇంజిన్ 1500 ఆర్‌పీఎం దగ్గర ఉండగా బ్యాటరీ మీద చూడండి. అర వోల్టు దాటితే ఆల్టర్నేటర్‌ను పరీక్షింపజేయాలి. చవక మీటర్లు ఇక్కడ డీసీనే ఏసీగా లెక్కేసి 28లా చూపిస్తాయి. ప్రోబులు తిప్పి పెట్టినప్పుడు సున్నా వస్తే తప్పు మీటర్‌దే, బండిది కాదు.

ఆ తర్వాత కనెక్టర్లు. కోడ్‌లు చదవడం పూర్తయ్యాకే బ్యాటరీ మైనస్ తీసి ఈ పనికి దిగండి. బండిని చదునైన చోట ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజిన్ చల్లబడ్డాక కిందికి దూరండి. గేర్‌బాక్స్ పక్కన గుత్తిగా వైర్లు వచ్చి కలిసే పెద్ద కనెక్టరు, లివర్ కేబుల్ కలిసే చోట ఉండే రేంజ్ స్విచ్ కనెక్టరు, ఈ రెంటి దగ్గరే ఎక్కువసేపు గడపాలి. చుట్టూ మట్టి తుడిచాకే లాక్ నొక్కి విప్పండి. ఫోన్ టార్చ్ వేసి పిన్‌లను ఒక్కొక్కటిగా చూడండి. పిన్ మొదట్లో పచ్చటి చిలుము ఉంటే నీళ్లు దిగినట్టు. ఒక పిన్ మిగతావాటికన్నా కాస్త లోపలికి పోయి ఉంటే అది తగిలీ తగలకుండా ఉన్నట్టు. కనెక్టర్ లోపల ఎర్రటి నూనె తడి కనిపిస్తే గేర్‌బాక్స్ ఒంటి మీది సీలు కారుతోందని, ఆ నూనె వైరు పూత లోపలి నుంచి పైకి పాకుతుందని గుర్తుంచుకోండి. కొన్ని బండ్లలో అది కంప్యూటర్ దాకా కూడా చేరుతుంది. శుభ్రం చేయడానికి ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే వాడండి. పెట్రోలు, గరుకు కాగితం వద్దు, పిన్‌ల మీది పూత పోతుంది. మీటర్ ప్రోబు సాకెట్ లోపలికి గుచ్చొద్దు, సాకెట్ నోరు వెడల్పై కొత్త లూజు పుడుతుంది. పూర్తిగా ఆరాక, సీలింగ్ రబ్బరు చీలి ఉంటే మార్చి, టక్ అనే చప్పుడు వచ్చేదాకా నొక్కండి. అక్కడి నుంచి పైకి వైరింగ్ వెంటే చెయ్యి పోనివ్వండి. క్లిప్పు ఊడి సైలెన్సర్ పైపుకు ఆనుకుందా, ఎలుకలు కొరికాయా అన్నది చేతికే తెలుస్తుంది. నర్సరీ దగ్గర, గడ్డీ మట్టీ ఉన్న చోట బండి నిలిపేవాళ్లకు ఎలుకల బెడద మామూలే.

బ్యాటరీ తిరిగి కలిపాక, ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో ఉంచి, లైవ్ డేటాలో రేంజ్ ఒకరు చూస్తుండగా ఇంకొకరు ఆ వైర్లను నెమ్మదిగా ఊపాలి. తప్పు వేడిలోనే వస్తుంటే, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో కనెక్టర్‌ను వేడి చేస్తూ ఊపండి. చల్లగా ఉన్నప్పుడు కదలని తప్పు చాలాసార్లు ఇలాగే బయటపడుతుంది. పిన్‌లు శుభ్రం చేశాక కూడా రేంజ్ తప్పుగా చూపిస్తే స్విచ్ మార్చాలి. దాన్ని బిగించేటప్పుడు న్యూట్రల్ గుర్తుకు సరిగ్గా కలపకపోతే కొత్త స్విచ్ కూడా అదే తప్పు చేస్తుంది.

సాలినాయిడ్ కోడ్ వస్తే వాటి ఓమ్‌లు కొలవాలి. ఐసిన్ (జపాన్ గేర్‌బాక్స్ కంపెనీ) రకం గేర్‌బాక్స్‌లలో ఆన్-ఆఫ్ సాలినాయిడ్ 20 డిగ్రీల దగ్గర 11 నుంచి 15 ఓమ్‌లు, ప్రెషర్ చూసే లీనియర్ సాలినాయిడ్ 5 నుంచి 5.6 ఓమ్‌లు ఉండడం సాధారణం. మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉన్న అంకెతోనే సరిచూడమనండి. చల్లగా ఒకసారి, వేడిగా ఇంకోసారి కొలవాలి. రాగి చుట్ట వేడెక్కితే ఓమ్‌లు పెరుగుతాయి, 100 డిగ్రీలకు మూడోవంతు దాకా. 5.3 ఉన్నది 7కి రావడం సహజమే. 7 రావాల్సిన చోట 40 వచ్చినా, మీటర్ ఏమీ చూపకపోయినా ఆ చుట్ట వేడికి విడిపోతోంది. చల్లగా మాత్రమే కొలిచి “సాలినాయిడ్లు ఓకే” అన్న మాట మీ బండికి పనికిరాదు.

ఇక పొద్దున రివర్స్ ఆలస్యం. దీన్ని పై జబ్బుతో కలపొద్దు. ఇది విడిగా ఇంకొకటి అయ్యే అవకాశం ఎక్కువ, దీని మూలం ఆయిల్‌లో వెతకాలి. వేడెక్కిన గేర్‌బాక్స్‌లో న్యూట్రల్ నుంచి డీకి ఒకటి పావు సెకను లోపు, రివర్స్‌కు సెకనున్నర లోపు పట్టుకోవాలి. రాత్రంతా ఆగాక మొదటిసారి మాత్రమే ఆలస్యమైతే ఆయిల్ మట్టం తగ్గి ఉండాలి, లేదా కన్వర్టర్‌లోని ఆయిల్ రాత్రికి కిందికి దిగుతూ ఉండాలి, లేదా వయసుకు సీళ్లు గట్టిపడి ఉండాలి. వీటిలో తేలిగ్గా తేలేది ఆయిల్ మట్టమే.

ఇలాంటి ఆరు గేర్ల పెట్టెల్లో మామూలుగా డిప్‌స్టిక్ ఉండదు. బండిని లిఫ్ట్ మీద నాలుగు వైపులా సమంగా ఉంచి, ఇంజిన్ ఆన్‌లో లివర్‌ను పీ నుంచి డీ దాకా ఒక్కోచోట కాసేపు ఆపుతూ తిప్పి తిరిగి పీకి తెచ్చి, ఆయిల్ వేడి మాన్యువల్ చెప్పిన డిగ్రీలకు చేరినప్పుడు కింది చెక్ ప్లగ్ విప్పుతారు. సన్నటి ధార వచ్చి చుక్కలుగా మారితే మట్టం సరిగ్గా ఉన్నట్టు. ఆ వేడిని స్కానర్‌లోనే చూడాలి, ఇంజిన్ వేడి ముల్లు దీనికి పనికిరాదు. ఆయిల్ వేడెక్కితే ఉబ్బుతుంది, కాబట్టి మరీ వేడిగా ఉన్నప్పుడు చూస్తే చాలినంత ఉన్నట్టు కనిపించి మోసం చేస్తుంది. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఎక్కువైతే ఆయిల్ నురగ కడుతుంది. రెండిట్లోనూ గేరు ఆలస్యంగానే పడుతుంది. “తీసినంత పోశాం” అనేది లెక్క కాదు, ముందే తక్కువ ఉన్నదాంట్లో తీసినంత పోస్తే ఇంకా తక్కువగానే ఉంటుంది.

నీళ్లలోంచి తెచ్చానన్నారు కాబట్టి ఆయిల్ రంగు తప్పక చూడండి. వేడిగా ఉన్న పెట్టె చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, గాలి ఆడడానికి ఉండే బ్రీదర్ గొట్టం గుండా బయటి నీటిని పీల్చగలదు. ఆయిల్ స్ట్రాబెర్రీ పాల రంగులో చిక్కగా కనిపిస్తే నీళ్లు కలిసినట్టే. రేడియేటర్ లోపల ఆయిల్ కూలర్ ఉండి అది చిల్లు పడినా ఇదే రంగు వస్తుంది, కాబట్టి కూలెంట్ మట్టం కూడా తగ్గుతోందా చూడండి. నీళ్లు కలిసిన ఆయిల్‌తో ఒక్కరోజు కూడా నడపొద్దు, ప్లేట్ల మీది రాపిడి పూతను అంటించిన జిగురు నీటికి వదిలేస్తుంది. అప్పుడు ఓవర్‌హాల్ నిజంగానే తప్పదు.

నీళ్లు కలవకుండా, రంగు మాత్రం ముదిరి గోధుమరంగుకు వచ్చి ఉంటే, గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ పళ్లెం (పాన్) దింపి ఫిల్టర్‌తో సహా మార్పించండి. పాన్ దింపేటప్పుడు మీరు దగ్గరే ఉండండి. అడుగున అయస్కాంతాలు ఉంటాయి. వాటి మీద వేలితో రుద్దితే రవ్వలు లేకుండా మెత్తగా అంటుకునే బూడిదరంగు ముద్ద ఉంటే అది వయసుకు వచ్చే సహజమైన అరుగుదలే. వేలికి గుచ్చుకునే లోహపు రవ్వలున్నా, పాన్ అడుగున నల్లటి పీచులాంటి రాపిడి పొడి పేరుకున్నా, ఆయిల్ మాడిన వాసన వేస్తున్నా ప్లేట్లు అరుగుతున్నట్టే. ఆ పాన్‌ను తుడవకముందే ఫోటో తీసుకోండి.

ఒకసారి ప్లగ్ తీస్తే ఆయిల్ మొత్తం రాదు, కన్వర్టర్‌లో చాలా మిగిలిపోతుంది. ఒకసారికి 40 శాతం మారుతుందనుకుంటే, మూడుసార్లు తీసి పోశాక పాతది 22 శాతం దాకా మిగులుతుంది. మధ్యలో కొన్ని వందల కిలోమీటర్లు నడుపుతూ ఇలా మూడు విడతల్లో మార్చడం, లక్షా నలభై వేలు తిరిగి ఎప్పుడు ఆయిల్ మార్చారో తెలియని బండికి మెషీన్‌తో ఒక్కసారే ఆయిలంతా తోసి మార్చే మెషీన్ ఫ్లష్ కన్నా మేలు. ఆయిల్ మాత్రం ఓనర్స్ మాన్యువల్‌లో రాసిన గ్రేడే వాడాలి. “ఏ ఆటోమేటిక్‌కైనా సరిపోతుంది” అని రాసి ఉన్న డబ్బా వద్దు. గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్‌లకు వాడే సీవీటీ ఆయిల్ అసలే వద్దు. రాణిగంజ్‌లో కొన్నా ఇంకెక్కడ కొన్నా సీలు తెరవని డబ్బా, బిల్లుతో తీసుకోండి.

మీ సమస్య వేడికీ ట్రాఫిక్‌కూ ముడిపడి ఉంది కాబట్టి బండి ముందుభాగం కూడా చూడండి. ఏసీ కండెన్సర్, ఆయిల్ కూలర్, రేడియేటర్ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వాటి సందుల్లో ఎండుటాకులు, మట్టి పేరుకుంటే నెమ్మదిగా పోయే ట్రాఫిక్‌లో గాలి ఆడదు. ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టించండి. ఎక్కువ ఒత్తిడి పెడితే రెక్కలు వంగిపోతాయి. ఆయిల్ వేడి మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉండాలి. ట్రాఫిక్‌లో తరచూ 120 దాటుతుంటే ఎంత మంచి ఆయిలైనా త్వరగా పాడవుతుంది. అప్పుడు ఫ్యాన్ సరిగ్గా లాగుతోందో లేదో కూడా చూపించాలి.

ఇవన్నీ తేలేదాకా లోడు సగానికి తగ్గించండి. తప్పు వచ్చినప్పుడు యాక్సిలరేటర్ తొక్కి దాన్ని ‘విడిపించే’ ప్రయత్నం చేయకండి, నెమ్మదిగా పక్కకు తీసుకురండి. బ్రేకు తొక్కి ఇంజిన్‌ను గట్టిగా రేజ్ చేసే స్టాల్ టెస్ట్ అంటూ ఎవరైనా మొదలుపెడితే ఐదు సెకన్లు దాటనివ్వకండి, ఒకసారికి మించి చేయనివ్వకండి.

ఓవర్‌హాల్ ఎప్పుడంటే: వీడియోలో జారడం స్పష్టంగా కనిపించి, నిష్పత్తి కోడ్ మళ్లీ మళ్లీ వస్తూ, పాన్‌లో రవ్వలో నల్లపొడో ఉండి, గేర్‌బాక్స్ లోపలి ఆయిల్ ఒత్తిడిని కొలిచే లైన్ ప్రెషర్ గేజ్ మాన్యువల్ అంకె కన్నా తక్కువ చూపినప్పుడు. ఈ నాలుగూ కలిసినా, దించే ముందు, ఆయిల్‌ను ఏ ప్లేట్లకు పంపాలో మళ్లించే వాల్వ్ బాడీ చూడమనండి. చాలా పెట్టెల్లో దాన్ని గేర్‌బాక్స్ దించకుండా పాన్ వైపు నుంచే తీయొచ్చు, ఇరుక్కున్న వాల్వు ఒక్కటే ప్రెషర్ పడగొట్టి ఉండొచ్చు. లక్షన్నర చెప్పిన గ్యారేజీని ఏ కోడ్ వచ్చింది, ఆయిల్ వేడి ఎంతున్నప్పుడు వచ్చింది, ప్రెషర్ ఎంత చూపింది అని కాగితం మీద రాసిమ్మని అడగండి. రాసివ్వకపోతే అక్కడ గేర్‌బాక్స్ దింపనివ్వకండి.